ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ): మనిషి విశ్వాసంపై పాలకుడికి ఎంత అధికారం?

నలుగురు ఇమాముల పేర్లు మన మస్జిదులలో విననివారు ఉండరు. ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ, ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్. అల్లాహ్ వారందరినీ కరుణించుగాక! మన ప్రాంతంలో హనఫీ మస్లక్‌ను అనుసరించేవారే ఎక్కువ. కాబట్టి నాల్గవ ఇమామ్ గారి గురించి సామాన్య ముస్లిములకు తెలిసింది ఒక్కటే: ఆయన కొరడా దెబ్బలు తిన్నారని. ఎందుకు తిన్నారని అడిగితే చాలామంది తడుముకుంటారు. కొట్టించినవాడు అవిశ్వాసి కాడు. ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేసే ముస్లిం ఖలీఫా. కొట్టించింది దొంగతనానికో, తిరుగుబాటుకో కాదు. ఒక నమ్మకాన్ని నోటితో ఒప్పుకోనందుకు.

ఆయన హిజ్రీ 164 (క్రీ.శ. 780)లో బగ్దాద్‌లో జన్మించారు. పూర్వికులు షైబాన్ తెగకు చెందిన అరబ్బులు. తాతగారు హంబల్ ఖురాసాన్‌లో ఉద్యోగం చేశారు, తండ్రి ముహమ్మద్ సైనికుడు. తల్లి మర్వ్ పట్టణం నుండి గర్భవతిగా బగ్దాద్‌కు వచ్చారు. బిడ్డ పసితనంలోనే తండ్రి మరణించారు. మనం మామూలుగా ఇమామ్ హంబల్ అంటాం కానీ, హంబల్ తాతగారి పేరు. తండ్రి లేని పిల్లవాడు తాత పేరుతోనే లోకానికి తెలిశాడు.

ఇల్లు పేదది. కొంత అద్దె ఆదాయం తప్ప ఇంకేమీ లేదు. పదిహేనేళ్ల వయసులో హదీసు విద్య మొదలుపెట్టారు. బగ్దాద్‌లో హుషైమ్ బిన్ బషీర్ గారి వద్ద కొన్నేళ్లు కూర్చున్నారు. ఆ తర్వాత కూఫా, బస్రా, మక్కా, మదీనా తిరిగారు. యమన్‌లోని సనాకు వెళ్లి అబ్దుర్రజ్జాఖ్ గారి వద్ద హదీసులు రాసుకున్నారు. ఆ ప్రయాణంలో చేతిలో డబ్బు అయిపోతే ఒంటెల వాళ్ల దగ్గర కూలి పని చేశారు. గురువుగారు దీనార్లు ఇవ్వబోతే సున్నితంగా కాదన్నారు. ఎవరి చేతి సొమ్మూ తీసుకోకపోవడం ఆయన స్వభావంలో చిన్ననాటి నుండే ఉంది. పాఠకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి, చివర్లో దీనితో మళ్లీ పని పడుతుంది.

ఇమామ్ షాఫయీ (రహ్మ) బగ్దాద్‌కు వచ్చినపుడు ఆయన వద్ద ఫిఖహ్ సూత్రాలు నేర్చుకున్నారు. నలభై ఏళ్ల వయసుకు గానీ వివాహం చేసుకోలేదు. సుమారు 27 వేల నుండి 30 వేల హదీసులున్న ముస్నద్ ఆయన జీవితకాలపు శ్రమ. దానిని మనకు అందించింది కుమారుడు అబ్దుల్లాహ్. ఈ విద్యా జీవితం గురించి ఇంకా చాలా రాయవచ్చు. కానీ ఈ వ్యాసంలో మన విషయం వేరు.

ఖలీఫా మామూన్ సామాన్య పాలకుడు కాడు. విద్యాప్రియుడు. గ్రీకు గ్రంథాలను అరబీలోకి అనువాదం చేయించినవాడు. పలు మతాల పండితులను కొలువులో కూర్చోబెట్టి చర్చలు విన్నవాడు. అటువంటి వ్యక్తి చేతుల మీదుగానే మన చరిత్రలో నమ్మకాల మీద విచారణ మొదలు కావడం ఆశ్చర్యమే. అజ్ఞాని అయిన రాజు అయితే ఎవరేం నమ్ముతున్నారో పట్టించుకునేవాడు కాదేమో!

సమస్య ఏమిటంటే, మూతజిలా అనే వర్గంవారు దివ్య ఖుర్ఆన్ సృష్టించబడినదని వాదించేవారు. అల్లాహ్ తప్ప అనాదిగా ఉన్నది మరొకటి లేదు, కాబట్టి ఖుర్ఆన్ కూడా సృష్టిలో భాగమే కావాలి, లేకపోతే తౌహీద్‌కు భంగం కలుగుతుంది అన్నది వారి తర్కం. హదీసు పండితుల మాట వేరు. ఖుర్ఆన్ అల్లాహ్ వాక్కు. ఆయన వాక్కు ఆయన గుణం, దానిని సృష్టి అనకూడదు. దైవప్రవక్త (సల్లం) గానీ, సహాబాలు గానీ అనని మాటను మనమెందుకు అనాలి? ఈ చర్చ గ్రంథాలలో, పాఠశాలల్లో సాగినంత కాలం ఎవరికీ నష్టం లేదు. వాదానికి ప్రతివాదం ఉంటుంది. మామూన్ హిజ్రీ 212 (827)లో మూతజిలా అభిప్రాయాన్ని బహిరంగంగా తనదిగా ప్రకటించాడు. అంతవరకూ ఫరవాలేదు, ఖలీఫాకు మాత్రం ఒక అభిప్రాయం ఉండకూడదా?

హిజ్రీ 218 (833)లో అది అభిప్రాయం స్థాయి దాటింది. సరిహద్దు యుద్ధంలో ఉన్న మామూన్ బగ్దాద్ అధికారి ఇస్హాఖ్ బిన్ ఇబ్రాహీమ్‌కు లేఖలు పంపాడు. ఖాజీలందరినీ పిలిపించి ఖుర్ఆన్ సృష్టితమని ఒప్పించాలి. ఒప్పుకోని ఖాజీ పదవిలో ఉండకూడదు. ఖాజీలు తమ ముందుకు వచ్చే సాక్షులను కూడా ఇదే ప్రశ్న అడగాలి. ఒప్పుకోనివాడి సాక్ష్యం చెల్లదు.

సోదరులారా, ఈ చివరి షరతు దగ్గర కాస్త ఆగి ఆలోచించండి. సాక్ష్యం చెల్లదంటే ఏమిటి? తన పొలం ఆక్రమించుకున్నా, అప్పు ఎగ్గొట్టినా, ఆ వర్గం మనిషి తన తోటివారిని సాక్షులుగా తీసుకుపోయి న్యాయం పొందలేడు. ఆస్తులు, అప్పులు, నికాహ్, వారసత్వం, అన్నీ సాక్ష్యం మీదే నిలబడి ఉంటాయి. ఎవరినీ చెరసాలలో వేయనక్కరలేదు, కొరడా తీయనక్కరలేదు. కోర్టు తలుపు మూస్తే చాలు, ఒక వర్గం మొత్తం చట్టం దృష్టిలో సగం మనుషులైపోతారు. మా మదరసాలో ఈ ఘట్టం చదివినపుడు కొరడా దెబ్బల దగ్గర మా కళ్లు చెమర్చాయి. ఈ సాక్ష్యం సంగతిని మాత్రం ఒక వాక్యంలో దాటేశాం. దీని బరువు ఆ తర్వాత చాలా ఏళ్లకు గానీ నాకు తెలిసిరాలేదు.

మొదట ఏడుగురు పెద్ద పండితులను ఖలీఫా వద్దకు పంపించారు. వారిలో తబఖాత్ గ్రంథకర్త ముహమ్మద్ బిన్ సాద్, హదీసు విమర్శలో సాటిలేని యహ్యా బిన్ మయీన్ ఉన్నారు. ఏడుగురూ ఒప్పుకున్నారు. తర్వాత ఇస్హాఖ్ మరికొందరు విద్వాంసులను పిలిపించాడు. వారిలో ఇమామ్ అహ్మద్ ఉన్నారు. చాలామంది అటూ ఇటూ కాని జవాబులిచ్చారు. మామూన్ ఆ జవాబులు చదివి మండిపడ్డాడు. ఒక్కొక్కరి లోపాలు ఎత్తిచూపుతూ తిరుగు లేఖ రాశాడు, ఒప్పుకోకపోతే ఇద్దరి తలలు తీయాలని కూడా ఆదేశించాడు. ఆ లేఖ విన్నాక నలుగురు తప్ప అందరూ లొంగిపోయారు. నలుగురికీ సంకెళ్లు వేశారు. మరునాడు సజ్జాదా, ఆ తర్వాత ఖవారీరీ ఒప్పుకున్నారు. మిగిలింది ఇద్దరు: ఇమామ్ అహ్మద్, ముహమ్మద్ బిన్ నూహ్ అనే యువకుడు.

లొంగినవారిని మనం తొందరపడి నిందించకూడదు. ప్రాణభయంతో నోటితో ఒక మాట అని హృదయంలో విశ్వాసాన్ని కాపాడుకున్నవాడికి నహ్ల్ సూరాలో అల్లాహ్ మినహాయింపు ఇచ్చాడు. హజ్రత్ అమ్మార్ బిన్ యాసిర్ (రజి) ఉదంతం అందరికీ తెలిసిందే. ఆ మినహాయింపు ఇమామ్ గారికీ తెలుసు. కానీ ఆయన లెక్క వేరు. వాకిట్లో జనం కలాలు, కాగితాలు పట్టుకుని ఆయన ఏం చెబుతారో రాసుకోవడానికి నిలబడి ఉన్నారు. సామాన్యుడు ప్రాణం దక్కించుకుంటే అది అతనితో పోతుంది. పండితుడు నోరు జారితే అది ధర్మంగా నమోదైపోతుంది.

ఇద్దరినీ సంకెళ్లతో తర్సూస్ వైపు నడిపించారు. మామూన్ ముఖం చూపించవద్దని ఇమామ్ గారు దారి పొడవునా అల్లాహ్‌ను వేడుకున్నారు. వారు రఖ్ఖాలో ఉండగానే మామూన్ మరణ వార్త వచ్చింది. వెనక్కి తీసుకువస్తుండగా ముహమ్మద్ బిన్ నూహ్ ఆనా వద్ద కన్నుమూశారు. ఆ యువకుడికి జనాజా నమాజు చేయించింది ఇమామ్ గారే. మామూన్ తన తర్వాతివాడైన ముతసిమ్‌కు ఈ విధానాన్ని వదలవద్దని వీలునామాలో రాసిపోయాడు. ముతసిమ్ సైనికుడు, అతనికి ఈ సూక్ష్మ చర్చల మీద ఆసక్తి లేదు. అయినా అన్న ఆజ్ఞ, ప్రధాన ఖాజీ ఇబ్నె అబీ దుఆద్ ఒత్తిడి అతన్ని ఆ దారినే నడిపించాయి.

చెరసాల సుమారు 28 నెలలు. సంకెళ్లతోనే తోటి ఖైదీలకు నమాజు చేయించేవారు. తర్వాత రమజాన్ నెలలో ఖలీఫా కొలువులో మూడు రోజుల వాదన జరిగింది. ఎవరెంత తర్కించినా ఇమామ్ గారు ఒకే కోరిక కోరారు: అల్లాహ్ గ్రంథం నుండి గానీ, ప్రవక్త (సల్లం) సున్నత్ నుండి గానీ ఆధారం చూపమని. ముతసిమ్ మనసు మెత్తబడిందని, విడిచిపెట్టాలనే అనుకున్నాడని చరిత్రకారులు రాశారు. అప్పుడు కొలువువారు, ఈయనను వదిలేస్తే ఇద్దరు ఖలీఫాలను గెలిచాడని జనం చెప్పుకుంటారని రెచ్చగొట్టారు. ధర్మం గురించిన ప్రశ్న కాస్తా పాలకుడి పరువు ప్రశ్నగా మారిపోయింది.

కొట్టేవారు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. దెబ్బల సంఖ్యపై ఉల్లేఖనాలు ఒక్కటిగా లేవు. ఆయన స్పృహ తప్పారు. తెలివి వచ్చాక తాగడానికిస్తే ఉపవాసం విరమించనన్నారు. రక్తం కారుతున్న శరీరంతోనే జుహర్ నమాజు చేశారు. అలా చేయవచ్చా అని ఒక ఖాజీ అభ్యంతరం చెబితే హజ్రత్ ఉమర్ (రజి) కూడా గాయం నుండి రక్తం కారుతుండగా నమాజు చేశారని గుర్తుచేశారు. తర్వాత ఇంటికి పంపారు. వైద్యుడు చచ్చిన కండను కోసి తీశాడు. ఆ నొప్పి జీవితాంతం వెంటాడింది. ఈ సందర్భంలో కొన్ని పుస్తకాల్లో అద్భుత గాథలు కనిపిస్తాయి. వాటిని చెప్పకపోతే ఆయన ఘనత తగ్గిపోతుందని నేను అనుకోను. నాకు గుర్తుండిపోయినది అబుల్ హైసమ్ అనే దొంగ గాథ. సైతాన్ దారిలో తాను ఎన్నో దెబ్బలకు ఓర్చుకున్నానని, అల్లాహ్ దారిలో ఉన్న మీరు ఓర్చుకోలేరా అని అతను ఇమామ్ గారికి ధైర్యం చెప్పాడట. ఆ తర్వాత ఇమామ్ గారు అతని కోసం దుఆ చేస్తూ ఉండేవారట. అద్భుతాల కంటే ఇది గొప్పది కాదా?

ముతసిమ్ తర్వాత వాసిఖ్ (842-847) వచ్చాడు. ఇతని కాలంలో విచారణ బగ్దాద్ దాటి మరింత పాకింది. ఈజిప్టులో ఖాజీ ముహమ్మద్ బిన్ అబిల్ లైస్, మాలికీ, షాఫయీ పండితులు ఫుస్తాత్ మస్జిదులో బోధించకుండా అడ్డుకున్నాడు. ఖుర్ఆన్ సృష్టితమన్న మాటను మస్జిదుల మీద రాయించాడు. ఇమామ్ షాఫయీ ప్రియ శిష్యుడు బువైతీని సంకెళ్లతో బగ్దాద్‌కు తెచ్చారు. ఆయన హిజ్రీ 231 (846)లో చెరసాలలోనే మరణించారు.

అదే 231వ సంవత్సరంలో లామిస్ నది ఒడ్డున రోమన్లతో ఖైదీల మార్పిడి జరిగింది. శత్రువుల చెరలో ఏళ్ల తరబడి మగ్గిన ముస్లిములను విడిపించుకునే రోజు అది. అక్కడ కూడా ఖలీఫా మనుషులు నిలబడి ఒక్కొక్క ఖైదీని ఖుర్ఆన్ సృష్టితమా అని, పరలోకంలో అల్లాహ్ దర్శనం ఉంటుందా అని అడిగారు. వారు కోరిన జవాబు చెప్పినవాడిని విడిపించారు. చెప్పనివాడిని రోమన్ల చేతికే వదిలేశారు. తల్లీబిడ్డల ముఖాలు చూడాలని ఏళ్ల తరబడి ఎదురుచూసినవాడిని నది ఒడ్డున నిలబెట్టి అఖీదా పరీక్ష పెట్టడం! ఇస్లామీయ రాజ్యం తన పౌరుడిని కాపాడటానికి ఇంతకంటే సిగ్గుపడే షరతు మరొకటి ఉంటుందని నేను అనుకోను.

అహ్మద్ బిన్ నస్ర్ ఖుజాయీ సంగతి ఇంకొకటి. బగ్దాద్‌లో పలుకుబడి గల కుటుంబంవాడు. వాసిఖ్‌కు వ్యతిరేకంగా తిరుగుబాటు ప్రయత్నం చేశారు, అది బయటపడింది. తిరుగుబాటు ఏ రాజ్యంలోనైనా నేరమే. ఆ నేరంపై విచారించి శిక్షిస్తే ఎవరూ మత స్వేచ్ఛ పేరు ఎత్తనక్కరలేదు. కానీ వాసిఖ్ ఆయనను తిరుగుబాటు గురించి అడగలేదు. ఖుర్ఆన్ గురించి, అల్లాహ్ దర్శనం గురించి అడిగాడు. జవాబు నచ్చక తన చేత్తో ఖడ్గం ఎత్తాడు. ఆ తల బగ్దాద్‌లో ఏళ్ల తరబడి వేలాడింది.

మన దేశ రాజ్యాంగంలోని 25వ అధికరణ విశ్వాస స్వాతంత్ర్యాన్ని ఇస్తూనే ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం అనే హద్దులు పెట్టింది. హద్దులున్నాయని మనవారు కొందరు బాధపడతారు. మత వర్గం పేరుతో ఎవరైనా శాంతిభద్రతలు చెడగొడితే చట్టం అడ్డుకోవలసిందే, మన షరీఅత్ కూడా ఫిత్నాను సహించదు. తేడా అంతా ఏం అడుగుతున్నారన్న దానిలో ఉంది. నీవేం చేశావని అడగడం చట్టం పని. నీ హృదయంలో ఏముందని అడిగితే చట్టం తన హద్దు తానే దాటినట్టు. వాసిఖ్ చేసింది సరిగ్గా అదే. చేసిన పనిని వదిలేసి, హృదయంలో ఉన్నదానికి తల తీశాడు.

ఆ రోజుల్లోనే బగ్దాద్ ఫఖీహులు కొందరు ఇమామ్ అహ్మద్ వద్దకు వచ్చారు. ఖలీఫా హద్దు మీరాడు, ఇక అతనికి విధేయత చూపలేమని చెప్పారు. ఇమామ్ గారు ఒప్పుకోలేదు. మనసులో తిరస్కరించండి గానీ ముస్లిముల రక్తం చిందించే పని చేయకండని సలహా ఇచ్చారు. స్వయంగా కొరడా దెబ్బలు తిన్న వ్యక్తి చెప్పిన మాట ఇది. అబద్ధాన్ని నోటితో ఒప్పుకోలేదు, అలాగని కత్తీ పట్టలేదు. వాసిఖ్ కాలం ముగిసేదాకా పాఠాలు చెప్పకుండా, చాలా కాలం అజ్ఞాతంగా గడిపారు.

ముతవక్కిల్ (847-861) వచ్చాక పరిస్థితి తలకిందులైంది. హిజ్రీ 234లో ఖుర్ఆన్‌పై వాదోపవాదాలు నిషేధిస్తూ ఆజ్ఞలు వెలువడ్డాయి. విచారణ ముగిసింది, ఖైదీలు విడుదలయ్యారు, ఖుజాయీ తలను దించి ఖననం చేయనిచ్చారు. మన ఉపన్యాసకులు చాలామంది ఇక్కడ ముతవక్కిల్‌ను సున్నత్‌ను బ్రతికించినవాడని కీర్తించి ప్రసంగం ముగిస్తారు. నేను ముగించలేను. ఎందుకంటే అదే ముతవక్కిల్ హిజ్రీ 235 (850)లో క్రైస్తవులు, యూదులపై కఠిన ఆంక్షలు విధించాడు. వారు తేనె రంగు వస్త్రాలు ధరించాలన్నాడు. వారి ఇంటి తలుపులకు కొయ్య సైతాను బొమ్మలు కొట్టించాడు. కొత్తగా కట్టిన ప్రార్థనాలయాలను కూల్చమన్నాడు. ఆ మరుసటి ఏడు కర్బలాలో హజ్రత్ హుసైన్ (రజి) సమాధిని నేలమట్టం చేయించి, అక్కడికి వెళ్లేవారిని బెదిరించాడు. జిమ్మీల ప్రాణం, ధనం, ఆరాధన కాపాడే బాధ్యత మన మీద ఉందని చెప్పే షరీఅత్‌లో తలుపులకు సైతాను బొమ్మలు కొట్టమని ఎక్కడుంది? అల్ బఖరా సూరాలో ధర్మ విషయంలో నిర్బంధాన్ని త్రోసిపుచ్చిన ఆయతు మామూన్ కాలంలో మనకు ఎంత ప్రియమైనదో, ముతవక్కిల్ కాలంలో కూడా అంతే ప్రియమైనది కావాలి కదా.

ఇక్కడ ఇమామ్ గారి విషయంలో కూడా నిజాయితీగా ఉండాలి. నేటి పరిభాషలోని మత స్వేచ్ఛను ఆయన నోట పెట్టడం న్యాయం కాదు. బిద్అత్ పట్ల ఆయన చాలా కఠినులు. విచారణలో లొంగిన పాత మిత్రుడు యహ్యా బిన్ మయీన్ జబ్బుగా ఉన్న ఆయనను చూడటానికి వస్తే ముఖం తిప్పుకున్నారు. హారిస్ ముహాసిబీ వంటి సూఫీ పండితునికి కూడా దూరంగా ఉన్నారు. కానీ ఒక పండితుడు ముఖం తిప్పుకోవడం వేరు, ఒక ఖలీఫా సాక్ష్యం చెల్లదనడం వేరు. మొదటిదానిలో మనసు నొచ్చుకుంటుంది, రెండవదానిలో హక్కు పోతుంది. తనను కొట్టించిన ముతసిమ్‌ను ఆయన క్షమించారు. బిద్అత్‌కే అంటిపెట్టుకుని ఉన్నవారిని మాత్రం ఆ క్షమాపణలో చేర్చలేదు.

కొత్త ఖలీఫా ఆయనకు గౌరవం చేయాలని తపించాడు. అయితే గౌరవం చేసిన ఆ ప్రభుత్వమే, ఇంట్లో అలవీ వంశీయుడిని దాచారని ఎవరో చాడీ చెబితే రాత్రివేళ వచ్చి ఇల్లంతా సోదా చేసింది. ఏమీ దొరకలేదు. ఆ తర్వాత పది వేల దిర్హములు పంపారు. ఇమామ్ గారు ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లవారాక మొత్తం పేదలకు పంచేశారు, సంచితో సహా. హిజ్రీ 237లో సామర్రాకు పిలిపించి రాజభవనంలో ఉంచితే అక్కడి భోజనం ముట్టకుండా ఉపవాసాలతో గడిపి చిక్కి శల్యమయ్యారు. కుమారులు ఖలీఫా భత్యం తీసుకోవడం మొదలుపెట్టాక వారింట తినడం మానేశారు. ఒకసారి రొట్టె త్వరగా వచ్చిందేమని అడిగితే, కుమారుడు సాలిహ్ ఇంట్లో పొయ్యి వేడిగా ఉంటే అందులో కాల్చామన్నారట. ఆ రొట్టె తినలేదు. చెరసాల కంటే ఈ బహుమతులే తనకు పెద్ద పరీక్ష అని ఆయన భావించారు. కొరడాతో మార్చలేని మాటను దిర్హములతో మార్చవచ్చునని పాలకులకు తెలుసు. సనా దారిలో ఒంటెల వాళ్ల దగ్గర కూలి చేసిన కుర్రవాడికీ ఆ సంగతి తెలుసు.

హిజ్రీ 241 (855) రబీఉల్ అవ్వల్ నెలలో, శుక్రవారం నాడు ఆయన కన్నుమూశారు. బగ్దాద్ అంతా కదిలి వచ్చింది. ఆ రోజు ఇరవై వేల మంది యూదులు, క్రైస్తవులు, మజూసీలు ఇస్లాం స్వీకరించారని ఒక కథ మన ప్రసంగాలలో తరచుగా వినిపిస్తుంది. హాఫిజ్ జహబీ (రహ్మ) దానిని అంగీకరించలేదు. అంత పెద్ద సంఘటన జరిగి ఉంటే ఒక్కరే కాదు, ఎందరో ఉల్లేఖించేవారు కదా అని ఆయన అభ్యంతరం. జహబీ గారి తజ్కిరతుల్ హుఫ్ఫాజ్‌ను అచ్చు వేసి లోకానికి అందించింది మన హైదరాబాద్ దాయిరతుల్ మఆరిఫ్ కావడం మనకు సంతోషం. ఆ గ్రంథంలో ఇమామ్ అహ్మద్ ప్రస్తావన ఉంది.

ఆయనను బాబె హర్బ్ శ్మశానంలో ఖననం చేశారు. తర్వాతి శతాబ్దాలలో టైగ్రిస్ నది పొంగి ఆ నేలను కోసుకుపోయింది. ఇప్పుడు అక్కడ సమాధి లేదు.